మాన్యం నుంచి పే స్కేలు దాకా: భీమవరం ప్రాంతంలో సర్కారు జీతం, ప్రైవేటు సంపాదన

భీమవరం ప్రాంతంలో సర్కారు పని చేసే ప్రతివాడికీ నెల తిరిగేసరికి రూపాయల్లో జీతం ముట్టడం మొదటినుంచీ ఉన్న ఏర్పాటు కాదు. పంతొమ్మిదో శతాబ్దం సగం గడిచేదాకా ఊరి కరణానికి, మునసబుకు, తలారికి, వెట్టివాడికి, నీరుకట్టుకు ప్రతిఫలం భూమిగానో కళ్ళంలో కొలిచిచ్చే మేరగానో దక్కేది. పనికి ముడిపడిన భూమి మాన్యం. తండ్రి చేసిన పని కొడుక్కి వచ్చినట్టే మాన్యమూ వచ్చేది. పంట బాగుంటే మేర పెరిగేది, కరువొస్తే సర్కారు మనిషికీ గింజ దొరికేది కాదు. అంటే ఆనాడు సర్కారు కొలువుకు, సొంత సేద్యానికి రాబడిలో ఉన్న తేడా స్వల్పం. రెండూ వానమీద, గోదావరి మీద ఆధారపడినవే.

ఈ పద్ధతిని మార్చింది 1858లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఏర్పడిన ఇనాం కమిషను. మాన్యాలను పనినుంచి విడదీసి, కొద్దిపాటి శిస్తు కట్టించుకుని, అనుభవిస్తున్నవారికే సొంతం చేశారు. ఊరి ఉద్యోగులకు జీతాలివ్వడానికి 1864 చట్టం కింద రైతులమీద గ్రామ సెస్సు వేశారు. దాంతో కరణం నెలజీతగాడయ్యాడు. అయినా ఆ ఉద్యోగం వంశంలోనే నిలిచింది. 1895 నాటి వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం ఆ ఆనవాయితీని చట్టంగా మార్చింది. భీమవరం తాలూకా ఈ మధ్యలో పాలనాపరంగా చేతులు మారుతూ వచ్చింది. 1859 నుంచి గోదావరి జిల్లాలో ఉండి, 1904లో కృష్ణా జిల్లాలో కలిసి, 1925లో ఏలూరు కేంద్రంగా ఏర్పడిన పశ్చిమ గోదావరిలోకి వచ్చింది. జిల్లా పేరు మారినా ఊళ్ళో దస్త్రం ఒకే ఇంట్లో ఉండేది.

కరణం జీతం చిన్నది. ఆ పదవికున్న గిరాకీ మాత్రం చాలా పెద్దది. జీతాన్ని మాత్రమే చూసి సర్కారు ఉద్యోగపు విలువ కడితే ఎంత తప్పుతామో ఇక్కడ తెలుస్తుంది. ఊరి పంట లెక్కల పుస్తకమైన అడంగల్‌లో ఏ చేను ఎవరి అనుభవంలో ఉందని రాస్తే అదే సాక్ష్యం. ఏ చేనుకు కాలువ నీరు పారిందని రాస్తే ఆ రైతుమీద నీటితీరువా పడేది. జమాబందీకి తహసీల్దారు వచ్చినప్పుడు అతని ముందు మాట్లాడేది ఆ లెక్కలే. చదువు రాని రైతుకు కరణం కలం కోర్టుతో సమానం. జీతం ఇంతేనని సెస్సు నిధి నిర్ణయించింది కానీ, ఆ కలంవల్ల వచ్చే పలుకుబడికి, మామూళ్ళకు హద్దు గీసినవారు లేరు.

అదే గ్రామోద్యోగ వ్యవస్థ అడుగున వెట్టివాడున్నాడు. దండోరా వేయడం, శిస్తు సొమ్ముకు కాపలాగా తాలూకా కచేరీదాకా నడవడం, వచ్చిన అధికారికి సామాను మోయడం అతని పని. ఈ పనులు చాలావరకు దళిత కుటుంబాల మీదే ఉండేవి. వీరికి దక్కింది నామమాత్రపు జీతం. కరణానికున్న కలం బలమూ వీరికి లేదు. సర్కారు ఉద్యోగులందరినీ ఒకే వర్గంగా లెక్కగట్టడం ఆ రోజుల్లోనూ సరికాదు, ఈ రోజుల్లోనూ సరికాదు.

వంశహక్కుకు తొలి దెబ్బ సుప్రీంకోర్టులో తగిలింది. తెనాలి తాలూకాలోని ఒక ఊరి మునసబు ఉద్యోగంపై నడిచిన గాజుల దశరథ రామారావు కేసులో, గ్రామోద్యోగం రాజ్యం కింది ఉద్యోగమేనని, పుట్టుకను బట్టి ఇవ్వడం రాజ్యాంగం 16వ అధికరణకు విరుద్ధమని 1960 డిసెంబరులో తీర్పు వచ్చింది. ఆ తర్వాతా చాలా ఊళ్ళలో పాత కుటుంబాలే కొనసాగాయి. 1984 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి పార్ట్‌టైం గ్రామోద్యోగాలన్నిటినీ ఒక్కసారిగా రద్దు చేసింది. 1985లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. తరతరాల దస్త్రాలు ఇళ్ళనుంచి మండల కార్యాలయాలకు చేరాయి. జీతం తక్కువ, అధికారం ఎక్కువ అన్న పాత బేరం ఆనాటితో ముగిసింది.

డెల్టాలో సర్కారు పని విలువను కొలవడానికి కరణం కంటే మంచి ఉదాహరణ కాలువ. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847 నుంచి 1852 వరకు ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టారు. ఆ తర్వాత పశ్చిమ డెల్టాలో భీమవరం, ఉండి, నరసాపురం వైపు కాలువలు సాగాయి. అంతకుముందు వానలు తప్పితే కరువు, వరదొస్తే ముంపు. కాలువలొచ్చాక మాగాణి స్థిరపడింది, భూమి ధర పెరిగింది, ధాన్యం అమ్మకానికి మిగిలింది. ఇరవయ్యో శతాబ్దంలో భీమవరం చుట్టుపక్కల లేచిన రైసుమిల్లులకు పెట్టుబడి ఆ మిగులునుంచే వచ్చింది. పట్నంలో ప్రైవేటు వ్యాపారం అనదగ్గదంతా సర్కారు తవ్వించిన కాలువ గట్టున మొలిచినదే అనడం అతిశయోక్తి కాదు.

ఆ కాలువను రోజూ నడిపింది లస్కర్లు. లాకు తలుపులు ఎత్తడం, దించడం, గండి పడకుండా గట్టు చూడడం, చివరి తూముదాకా నీరు చేరేలా వంతులు కాయడం వాళ్ళ పని. ప్రజాపనుల శాఖ (పీడబ్ల్యూడీ) జీతాల పట్టికలో లస్కరుది అట్టడుగు వరుస. అతను ఒక రాత్రి ఏమరిస్తే వందల ఎకరాల నాట్లు కొట్టుకుపోతాయి. సరిగా కాస్తే ఆ ఏటి పంట ఇంటికి వస్తుంది, కానీ ఆ ఫలితం అతని జీతంలో కనబడదు, రైతు గాదెలో కనబడుతుంది. ప్రైవేటు సంస్థలో పని ఫలితం ఆ సంస్థ లాభనష్టాల పట్టీలోనే తేలుతుంది. సర్కారు పని ఫలితం ఇతరుల పట్టీల్లోకి చేరిపోతుంది. రెంటినీ జీతం అంకెతో మాత్రమే తూచడంలోని చిక్కంతా ఇక్కడే ఉంది.

భీమవరానికి దగ్గర్లోనే ఉన్న మార్టేరు వరి పరిశోధన కేంద్రం దీనికి గట్టి నిదర్శనం. 1925లో మొదలైన ఈ కేంద్రం 1982లో ఎంటీయూ 7029ను విడుదల చేసింది. రైతులు దాన్ని స్వర్ణ అంటారు. వశిష్ఠ, మసూరి రకాలను సంకరపరచి తీసిన ఈ వంగడం గోదావరి జిల్లాలు దాటి ఒడిశా, పశ్చిమ బెంగాల్, బీహార్, బంగ్లాదేశ్ పొలాలదాకా పోయింది. ముంపును రెండు వారాలపాటు తట్టుకునే స్వర్ణ సబ్-1 దానినుంచే పుట్టింది. తర్వాత మార్టేరునుంచే ఎంటీయూ 1001 విజేత, ఎంటీయూ 1010 కాటన్‌దొర సన్నాలు వచ్చాయి. ఈ చివరిది పేరులోనే ఆనకట్ట కట్టిన దొరను తలుచుకున్న వంగడం.

ఒక వరి రకం తీయడానికి సుమారు పదేళ్ళు పడుతుంది. సంకరం చేయాలి, తరాల తరబడి ఏరాలి, వేర్వేరు నేలల్లో పరీక్షించాలి. ఆ పదేళ్ళూ శాస్త్రవేత్తకు, మడిలో కంకులకు సంచులు కట్టే కూలీకి అందేది నెలజీతమో దినకూలీయో మాత్రమే. వంగడం లక్షల ఎకరాలకు పాకినా వాళ్ళకు వాటా రాదు. ప్రైవేటు విత్తన కంపెనీ సంకర విత్తనం అమ్మితే రైతు ఏటా మళ్ళీ కొనాలి, ఆ రాబడిలోంచి కంపెనీ తన పరిశోధకుడికి పెద్ద జీతం ఇవ్వగలదు. స్వర్ణ విత్తనాన్ని రైతు తన కళ్ళంలోంచే దాచుకుని, పక్క రైతుకూ ఇచ్చాడు. ధర కట్టకుండా పంచిన వస్తువు గనక దాని విలువ ఎవరి ఖాతాలోనూ ఎక్కలేదు. ధర లేదు కాబట్టి విలువ తక్కువ అనే వాదానికి మార్టేరు చరిత్రే సమాధానం.

ఇక ప్రైవేటు పక్కన చూస్తే, ఒకప్పుడు సేద్యంలో ప్రధాన జీతగాడు పాలేరు. ఏడాదికి ఒప్పందం, జీతం ధాన్యం బస్తాల్లో. ముందుగా తీసుకున్న అప్పు తీరనిదే కామందును మార్చలేని స్థితి చాలామందిది. మిల్లుల్లో బస్తా మోసే ముఠా కూలీలకు బస్తాకింత అని లెక్క. గుమాస్తాకు నెలజీతం ఉన్నా, అది ఎంతన్నది యజమాని ఇష్టం. తాలూకా కచేరీ గుమాస్తాకు ఉన్న స్కేలు, పింఛను ఇతనికి లేవు. అయితే వ్యాపారంలో ఉన్నవాడికి సర్కారు ఉద్యోగికి లేని దారి ఒకటుండేది. సరుకు గుణం, బేరం, అప్పు నడక నేర్చుకుని తాను వాటాదారు కావచ్చు, సొంతంగా కొట్టు పెట్టవచ్చు. ఆ దారి అందరికీ తెరిచి ఉన్నది కాదు. పొలమో బంధుబలమో ఉన్నవారికే అందులో అడుగు పడేది.

అందుకే సర్కారు ఉద్యోగం కోసం పోటీ జీతం కోసం మాత్రమే జరగలేదు. 1921లో జస్టిస్ పార్టీ ప్రభుత్వం తెచ్చిన కమ్యూనల్ జీవో నాటినుంచే మద్రాసు రాష్ట్రంలో ఎవరికెన్ని ఉద్యోగాలన్నది రాజకీయ ప్రశ్న అయింది. రాజ్యాంగం వచ్చాక రిజర్వేషన్లతో వెట్టి చేసిన కుటుంబాల పిల్లలకు టీచర్లుగా, గుమాస్తాలుగా చేరే హక్కు వచ్చింది. పక్క కుర్చీలో కూర్చున్నవారి స్కేలే వారికీ వర్తించింది. మిల్లు యాజమాన్యం తండ్రినుంచి కొడుక్కి పోతుంటే, సర్కారు కొలువు మాత్రం పరీక్షతో, కోటాతో కొత్త ఇళ్ళకు చేరింది. డెల్టాలో సర్కారు జీతం చేసిన పనుల్లో ఇది అన్నిటికంటే పెద్దదని చెప్పాలి.

జీతం ఎంత ఉండాలన్న సూత్రం దేశంలో మెల్లగా మారింది. తెల్లదొరల పాలనలో 1912లో ఏర్పడిన ఇస్లింగ్టన్ కమిషను, తగిన మనుషులు దొరికి నిలిచేందుకు ఎంత అవసరమో అంతే ఇవ్వాలంది. ఇది అంగడి సూత్రమే. ఐసీఎస్ దొరకు వేలల్లో, కచేరీ బంట్రోతుకు చేతివేళ్ళమీద లెక్కపెట్టే రూపాయలు. ఆ తేడాను చూసే 1931 కరాచీ కాంగ్రెసు, ఏ ఉద్యోగికీ నెలకు 500 రూపాయలు మించరాదని తీర్మానించింది. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే వరదాచారియర్ అధ్యక్షతన మొదటి కేంద్ర వేతన సంఘం, అడుగున ఉన్నవాడు కుటుంబాన్ని పోషించుకోగలగాలన్న మాటను ముందుకు తెచ్చి, కనీస మూలవేతనం 30 రూపాయలు, దానిమీద 25 రూపాయల కరువు భత్యం సిఫారసు చేసింది. సర్కారు అడుగు ఉద్యోగి జీతం బయటి కూలిరేటునుంచి విడిపోవడం అప్పుడు మొదలైంది.

ఆంధ్రప్రదేశ్‌లో వేతన సవరణ సంఘాలు (పీఆర్సీలు) ఆ దారినే నడిచాయి. రాష్ట్ర ఉద్యోగి కనీస మూలవేతనం 1993 స్కేళ్ళలో 1,375 రూపాయలు, 1999లో 2,550, 2005లో 3,850, 2010లో 6,700, 2015లో 13,000, 2022లో 20,000. ఈ అంకెలు చూసి జీతాలు ఆకాశానికి పోయాయనేవారు ఒక సంగతి మరిచిపోతారు. 2022 లెక్కనే విప్పి చూడవచ్చు. పాత 13,000కు 30.392 శాతం కరువు భత్యం కలిపితే 3,951 రూపాయలు. అది ధరలు పెరిగినందుకు అప్పటికే ఇస్తున్నదే. అసలు పెంపు 23 శాతం ఫిట్‌మెంటు, అంటే 2,990 రూపాయలు. రెండూ కలిపితే 19,941. దాన్నే 20,000 చేశారు. ఏడు వేల పెరుగుదలలో సగానికి పైగా ధరల పెరుగుదలకు పరిహారమే. 2010లో 39 శాతం, 2015లో 43 శాతం ఫిట్‌మెంటు చూసిన ఉద్యోగులు, 27 శాతం మధ్యంతర భృతి తీసుకుంటుండగా 23 శాతమే ప్రకటించడంతో 2022 ఫిబ్రవరి 3న ‘చలో విజయవాడ’ నిరసనకు కదిలారు.

జీతంతోపాటు సర్వీసు, పింఛను కూడా సర్కారు చేతిలోనే మారుతూ వచ్చాయి. పదవీవిరమణ వయసు 1983లో 58నుంచి 55కు తగ్గి, తర్వాత మళ్ళీ 58 అయింది. 2014లో 60, 2022లో 62 అయింది. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవారికి పాత పింఛను పోయి, జీతంలోంచి పదిశాతం కోసే కాంట్రిబ్యూటరీ పింఛను పథకం (సీపీఎస్) వచ్చింది. సర్కారు ఉద్యోగానికి భద్రత అని పేరున్నా, ఆ భద్రతను ఇచ్చే చేయే తగ్గించగలదని భీమవరం కచేరీల్లో పనిచేసిన రెండు తరాలవారికి అనుభవమైంది.

భీమవరానికి 1990 తర్వాత వచ్చిన రొయ్యల సాగుతో ప్రైవేటు రాబడి రూపం మారిపోయింది. టైగర్ రొయ్య తొలి ఏళ్ళలో ఎకరా చెరువు ఇచ్చిన ఆదాయం వరి ఎన్నడూ ఇవ్వనిది. 1994లో తెల్లమచ్చ వైరస్ తాకి చెరువులకు చెరువులు ఖాళీ అయ్యాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర ప్రాంతపు రొయ్యల చెరువుల మీద కఠినమైన తీర్పిచ్చింది. 2005లో తీర జలసాగు ప్రాధికార సంస్థ చట్టం వచ్చింది, 2009 నుంచి వెనామీ రకం రొయ్యకు అనుమతి దొరికింది. అక్కడినుంచి భీమవరం మేత కంపెనీలకు, ల్యాబులకు, ప్రాసెసింగు ప్లాంట్లకు కేంద్రమైంది. కౌంటు (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) బాగా వచ్చిన పట్టుబడిలో రైతుకు మిగిలేది చూస్తే మండల అధికారి ఏడాది జీతం చిన్నదనిపిస్తుంది. అనుభవమున్న టెక్నీషియను కొన్నేళ్ళలోనే మంచి జీతానికి చేరతాడు. కానీ వ్యాధొచ్చిన ఏడు, లేదా 2025 ఆగస్టులో అమెరికా భారత సరుకులమీద సుంకం 50 శాతానికి పెంచినట్టు ఎక్కడో నిర్ణయం జరిగిన ఏడు, ఆ ఆదాయం అప్పుగా మారుతుంది.

ఈ వ్యాపారమూ సర్కారు పనిమీద నిలిచిందే. ఏరియేటర్లు రాత్రి ఆగితే నీటిలో ప్రాణవాయువు పడిపోయి కొన్ని గంటల్లో రొయ్య చస్తుంది. గాలివానలో స్తంభమెక్కే లైన్‌మన్ విలువ ఆ రాత్రి చెరువు గట్టున ఉన్న రైతుకు తెలుస్తుంది. ఆక్వాకు యూనిట్ కరెంటు 2019లో రూపాయిన్నరకు ఇచ్చారు. ఎగుమతి సరుకుకు సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ (ఎంపెడా) పరీక్షలు, ఉండిలో మత్స్య పరిశోధన కేంద్రం ఇలాంటివే. వీటి ఖర్చు ప్రభుత్వ పద్దులో, లాభం ప్రైవేటు పద్దులో కనబడతాయి.

చెరువుమీద లాభం రైతునుంచి కూలీకి అదే వేగంతో దిగదు. మేత చల్లుతూ రాత్రి కాపలా కాసేవాడు గట్టుమీద పాకలోనే ఉంటాడు. అతనికి స్కేలు లేదు, ఇంక్రిమెంటు లేదు, పీఎఫ్, ఈఎస్‌ఐ చాలామందికి లేవు. ప్లాంట్లలో రొయ్య తలలు తీసే ఆడవాళ్ళకు చాలాచోట్ల కిలోల లెక్కన కూలి. వీరితో పోలిస్తే ప్రభుత్వ అటెండరు జీతం చాలా మెరుగు. పై మెట్టులో దీనికి తిరగబడిన చిత్రం కనిపిస్తుంది. సర్కారు ఇంజనీరు, డాక్టరు, శాస్త్రవేత్త బయటికెళితే ఎక్కువ సంపాదిస్తారు. సర్కారు కింది మెట్టుకు బయటికన్నా ఎక్కువ, పై మెట్టుకు తక్కువ ఇస్తుందన్న మాట వేతనాలను పరిశీలించినవారు చాలా దేశాల్లో గమనించినదే.

ఒకే పనికి రెండు జీతాలుండే చోట్లు భీమవరంలో చాలా ఉన్నాయి. 1945లో మొదలైన డి.ఎన్.ఆర్. కళాశాల లాంటి సంస్థల్లో ఎయిడెడ్ పోస్టులో ఉన్న అధ్యాపకుడికి యూజీసీ స్కేలు, అదే పాఠం చెప్పే అన్‌ఎయిడెడ్ అధ్యాపకుడికి యాజమాన్యం ఇచ్చినంత దక్కేవి. 1980లో ఎస్.ఆర్.కె.ఆర్. ఇంజనీరింగు కళాశాల వచ్చాక సొంత ఫీజులతో నడిచే చదువు ఇక్కడ పెద్ద రంగమైంది. బస్సుల్లోనూ అంతే. 1958 జనవరి 11న ఏర్పడిన ఆర్టీసీ డ్రైవరుకు డ్యూటీ గంటలు, సెలవులు, సంఘం ఉన్నాయి. హైదరాబాదుకు రాత్రంతా నడిపే ప్రైవేటు ట్రావెల్సు డ్రైవరుకు అవి యజమానిని బట్టి ఉంటాయి. ఆ ప్రైవేటు బస్సు కిటకిటలాడే దారిలోనే తిరుగుతుంది. నలుగురే ఎక్కే ఊరికి పోవాల్సింది ఆర్టీసీ పల్లెవెలుగు బస్సే. 2020 జనవరి 1న ఆర్టీసీ సిబ్బంది యాభై వేలమందికి పైగా రాష్ట్ర ప్రభుత్వోద్యోగులయ్యారు.

అయితే ఇటీవల సర్కారు లోపలే ప్రైవేటు తరహా జీతం పెరిగింది. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పద్ధతులు విస్తరించి, వాటి నిర్వహణకే 2020లో ఆప్కాస్ అనే సంస్థ పని మొదలుపెట్టింది. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాల్లో చేరిన ఉద్యోగులు పరీక్ష రాసి వచ్చినా, 2022లో ప్రొబేషన్ పూర్తయ్యేదాకా 15,000 రూపాయలకే పనిచేశారు. మున్సిపాలిటీల్లో చెత్త ఎత్తే ఔట్‌సోర్సింగ్ కార్మికులు 2023 డిసెంబరులో సమ్మెకు దిగేనాటికి వారికి వస్తున్నది 15,000 వేతనం, 6,000 ఆరోగ్య భత్యం. వెట్టివాడి వారసత్వం ఇక్కడ పూర్తిగా తెగలేదు. పనిచేసేది సర్కారుకే, చేసేది చాలావరకు అదే కులాలవారు, స్కేలు మాత్రం వారికి లేదు.

భీమవరం 2022 ఏప్రిల్ 4న పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రమైంది. కలెక్టరేటు, దాని శాఖలు వచ్చాయి. రొయ్యల ప్లాంట్లు, జిల్లా కార్యాలయాలు ఒకే పట్నంలో ఉండడంతో రెండు జీతాలను పోల్చడం ఇక్కడివారికి రోజువారీ మాట అయింది. సర్కారు జీతాలు కోస్తే ఖజానాకు మిగులుతుందనే వాదన ఆ మాటల్లో తరచుగా వస్తుంది. డెల్టా నూట డెబ్భై ఏళ్ళ చరిత్ర దాన్ని బలపరచదు. లస్కరు, లైన్‌మన్, మార్టేరు శాస్త్రవేత్త తీసుకున్న జీతం కంటే వారి పనివల్ల ప్రైవేటు చేతుల్లోకి చేరిన సంపద ఎన్నో రెట్లు ఎక్కువ. అటెండరుకూ చెరువు కాపలాదారుకూ మధ్య ఉన్న అంతరం న్యాయమైనది కాదు. దాన్ని సరిచేయాలంటే అటెండరు జీతం కోయనక్కర్లేదు. కాపలాదారుకు, రొయ్యలు ఒలిచే మనిషికి, చెత్త ఎత్తే కార్మికుడికి కనీస వేతనం, పీఎఫ్, ఈఎస్‌ఐ కచ్చితంగా అందేలా చూడాలి.